ఎడమ భుజం దిగిన చొక్కా

మా అత్తగారికి ఊళ్లో ఏ టైలరుతోనూ మాటల్లేవు. తప్పెవరిదని నన్నడిగితే మా మావగారి ఎడమ భుజానిదని చెబుతాను. ఆయన పోస్ట్‌మ్యాన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఉత్తరాల సంచి ఒకే భుజానికి తగిలించుకుని తిరిగారు. రిటైరైన రోజున సంచి తిరిగి ఇచ్చేశారు గానీ, భుజానికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. అది ఇప్పటికీ సంచి మోస్తున్నట్టే కిందికి దిగి ఉంటుంది. ఏ చొక్కా తొడిగినా కాలరు ఒక పక్కకి జారిపోతుంది. టైలర్లేమో, "కొంచెం భుజం ఎత్తి నిలబడండి సార్" అంటారు. "చొక్కాని మనిషికి సరిచెయ్యాలి గానీ మనిషిని చొక్కాకి సరిచేస్తారా" అని మా అత్తగారు గుడ్డ లాక్కుని వచ్చేస్తారు. ఆఖరికి మార్కెట్ మూల మీదున్న టైలరుతో కూడా చెడింది. ఆయన కాస్త నోరున్నవాడు. ఆ గొడవ వీధి చివరిదాకా వినిపించింది. ఆ తర్వాత ఒక మంచి నీలం గళ్ల గుడ్డ కుట్టేవాళ్లు లేక బీరువాలో ఉండిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను జైలుకి వెళ్లాల్సి వచ్చింది.

మా ఊళ్లో ఆడవాళ్ల జైలొకటి ఉంది. దాన్ని చూసి రావడానికి అధికారులు కాని మామూలు మనుషులు కొందరు ఉండాలని చట్టం. కుళాయి ఫిర్యాదు ఇవ్వడానికి మున్సిపల్ ఆఫీసుకి వెళ్లి, వరసలో నిలబడి తోచక గోడ మీద ఉన్నవన్నీ చదువుతుంటే ఆ ప్రకటన కనపడింది. ఎప్పటిదో, కాగితం పసుపుపచ్చబడింది. అక్కడున్న గుమాస్తాని అడిగితే, ఖాళీగా ఉన్న ఆ ఒక్క చోటుకి ఇంతవరకూ ఎవరూ దరఖాస్తు పెట్టలేదనీ, ఆ ప్రకటన చదివినవాళ్లలో కూడా నేనే మొదటిదాన్ననీ చెప్పాడు. కాలేజీలో పౌరశాస్త్రం చదివినదాన్ని. పౌరుల బాధ్యతల మీద పరీక్షలో పేజీలకి పేజీలు రాశాను. పెళ్లయ్యాక వాటిలో ఒక్కటీ నా వంతుకి రాలేదు. పెట్టేశాను.

పెద్దగా పోటీ లేదు కనక నన్నే వేశారు. మావారు, వెళ్లేది చూసి రావడానికే కదా, ఉండిపోవడానికి కాదు కదా అని అడిగి తేల్చుకున్నారు. అత్తగారు మాత్రం నవ్వు ఆపుకుంటూ, "డిగ్రీ చదివించినందుకు మీ నాన్నగారికి ఇన్నాళ్లకి ఫలితం దక్కింది. కూతురు జైలుకి పోతోంది" అన్నారు.

నియామకంతో పాటు నిబంధనల పుస్తకం ఒకటి ఇచ్చారు. అరచేతంత పుస్తకం. కొత్త మిక్సీ కొన్నా దాని కాగితం మొత్తం చదవందే నేను స్విచ్చి వెయ్యను. ఇదీ అలాగే చదివాను. సందర్శకులు పనిదినాల్లో ఎప్పుడైనా, ముందుగా చెప్పకుండా రావచ్చు. ఏ గది అయినా తెరవమని అడగవచ్చు. ఖైదీతో విడిగా మాట్లాడవచ్చు. వెంట ఒక సహాయకుణ్ణి తెచ్చుకోవచ్చు. ఆ చివరి మాట నేను పైకి చదివి పొరపాటు చేశాను. అత్తగారు వెంటనే, ఆ సహాయకురాలు తనేనని నిర్ణయించేశారు.

మొదటిసారి అందరం కలిసి ఒక నిర్ణీత రోజున వెళ్లాం. నాతో పాటు పాత సభ్యులు ఇద్దరు, ఒక రిటైరైన లెక్చరరు, ఒక ఫర్నిచర్ షాపాయన. వాళ్లకి ఆ జైల్లో ఏ బిస్కెట్లు బాగుంటాయో తెలుసు. గేటు మీద జైలు అన్న మాట పోయి 'దిద్దుబాటు కేంద్రం' అని కొత్త బోర్డు వచ్చింది. అత్తగారు వేలితో ముట్టుకుని చూస్తే వేలికి రంగంటింది.

సూపరింటెండెంట్ గారు చాలా మర్యాదస్తుడు. ఎదురొచ్చి ఆహ్వానించారు. ఈ మధ్య పైనుంచి ఆదేశాలొచ్చాయని, ఇకమీదట ఖైదీల్ని శిక్షించడం కాదు, తీర్చిదిద్దడమేనని చెప్పారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో నిజంగానే సంతోషం కనిపించింది. తర్వాత వంటగది చూపించారు, చదువుల గది చూపించారు, చివర్లో కుట్టుపని గది గుమ్మం దగ్గర నిలబెట్టారు.

లోపల వరసగా కుట్టుమిషన్లు. ఆడవాళ్లంతా తలొంచుకుని తొక్కుతున్నారు. ఒకే తాళంలో టకటకా చప్పుడు. మిషన్ల కింద తెల్లగుడ్డ ముందుకి కదులుతోంది. తలుపు పక్కన 'బయటివారి బట్టలు కూడా కుట్టి ఇవ్వబడును' అని బోర్డుంది. లెక్చరరు గారు గుమ్మంలోనే చప్పట్లు కొట్టారు. షాపాయన గడియారం చూసుకున్నారు. టీ వేళయింది.

అత్తగారు మాత్రం లోపలికి నడిచారు. మొదటి మిషను మీదికి వంగారు. కళ్లజోడు పైకి తోసి ఒకసారి, కిందికి లాగి ఒకసారి చూశారు. ఆ మిషను దగ్గరున్న అమ్మాయి చటుక్కున తలెత్తింది. సన్నగా, చిన్నగా ఉంటుంది. కళ్లు ఒకచోట నిలవవు. అక్కడ అందరూ ఆమెని పిచ్చుక అంటారని తర్వాత తెలిసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అత్తగారు ఏమీ అనలేదు. ఆవిడ ఏదైనా అంటే నేను తట్టుకోగలను. ఏమీ అనకపోతేనే నాకు భయం.

ఆ రోజు బస్టాండు ఎదురుగా కొత్త టైలరు వచ్చాడని విని ఆవిడ నీలం గళ్ల గుడ్డ, మావగారి ఆది చొక్కా సంచిలో పెట్టుకుని వచ్చారు. ఆ షాపు మూసి ఉంది. అందుకని ఇప్పుడు ఆ రెండూ తీసి సూపరింటెండెంట్ గారి చేతుల్లో పెట్టారు.

"ఒక ఫుల్ చేతుల చొక్కా, బాబూ. ఎడమ భుజం దిగి ఉంటుంది, ఆదిలో చూసుకోమనండి. ఎప్పటికిస్తారు?"

ఆయన బోర్డు వంక చూశారు. లెక్చరరు గారి వంక చూశారు. లెక్చరరు గారు, ఇదే కదా సమాజానికి కావలసిందని తలూపుతున్నారు. వచ్చే గురువారానికి అన్నారు సూపరింటెండెంట్ గారు. నేను పుస్తకం తీసి, బయటివాళ్ల పని తీసుకుంటే రసీదు ఇవ్వాలని, ఆ పని ఇక్కడివాళ్లే చెయ్యాలని ఉందని గుర్తు చేశాను. ఆ పుస్తకం ఆయనకి కొత్తగా కనిపించింది.

గేటు దాటి వీధి మలుపు తిరిగాక అత్తగారు నోరు విప్పారు.

"సూదుల్లేవే."

"ఎక్కడ?"

"మిషన్లకి. ఒక్కదానికీ లేదు. ఉత్తి పాదం గుడ్డని తోస్తోంది. దారం కూడా పైపైన చుట్టారు. పాపం, ఆ పిల్లలు ఊరికే సైకిలు తొక్కుతున్నారు."

"మరి తెలిసీ గుడ్డెందుకిచ్చారు అత్తయ్యా?"

"కుట్టించుకోడానికి" అన్నారు ఆవిడ, ఇదేం ప్రశ్న అన్నట్టు.

గురువారం నాడు ఎవరికీ చెప్పకుండా వెళ్లాం. గేటు దగ్గర కాపలా ఆవిడ, ఇవాళ సందర్శకుల రోజు కాదంది. నేను పుస్తకంలో పేజీ తీసి చూపించాను. ఆవిడ దాన్ని వెలుతురుకి పట్టుకుని చదివి, నిజమేనని తలుపు తీసింది. కుట్టుపని గదికి తాళం వేసి ఉంది. తీయమన్నాను. మిషన్ల మీద ముసుగులు కప్పి ఉన్నాయి. సూపరింటెండెంట్ గారు పరుగున వచ్చి, దారం రంగు కలవలేదని, అందుకే ఆలస్యమైందని చెప్పారు. అత్తగారు బుద్ధిగా తలూపి ఎప్పుడు రమ్మంటారని అడిగారు. వచ్చే గురువారం.

నేను పిచ్చుకతో మాట్లాడతానన్నాను. ములాఖత్ గదిలో కూర్చోబెట్టారు. అడగాల్సినవి నేను మర్యాదగా మనసులో వరస వేసుకుంటూంటే, అత్తగారు నేరుగా అడిగేశారు.

"ఏం చేసి వచ్చావు పిల్లా?"

"ఇళ్లల్లో దొంగతనాలు మామ్మగారూ. పట్టపగలే."

"మా పోస్టాఫీసు వెనక వీధికి రాలేదేం?" చిన్నబుచ్చుకున్నట్టు అడిగారు.

"వచ్చాను. అక్కడ కిటికీకో మనిషి కూర్చుని ఉంటారు. పని జరగదని వెళ్లిపోయా."

అత్తగారికి ఆ జవాబు బాగా నచ్చింది. వీధిలో అందరికీ చెప్పారు. ఆ తర్వాత మా వీధిలో కిటికీల దగ్గర కూర్చునేవాళ్లు ఇంకా నిటారుగా కూర్చున్నారు.

పిచ్చుక మిగతాది కూడా చెప్పింది. వానలు తగ్గేసరికి విడుదల. ఊరి బయట బట్టల ఫ్యాక్టరీ ఉంది. అక్కడి సూపర్‌వైజరమ్మ వచ్చి, గుడ్డ కత్తిరించడం మొదలు గుండీ వెయ్యడం దాకా ఒక చొక్కా తన కళ్ల ముందు కుట్టి చూపిస్తే ఉద్యోగం, హాస్టల్లో మంచం ఇస్తానని మాటిచ్చింది. కుట్టలేకపోతే పిచ్చుకకి మిగిలింది ఆమె అక్క మొగుడు. ఏ తాళం ఎలా తియ్యాలో నేర్పిందీ, తెచ్చినవి అమ్మిందీ అతనే. అతను మాత్రం ఎప్పుడూ దొరకలేదు. విడుదల రోజున గేటు దగ్గర బండితో ఉంటానని కబురు పంపాడు.

"ఆ బండెక్కానంటే మళ్లీ ఇక్కడే దిగుతా" అంది పిచ్చుక. "నాకు మిషను తొక్కడం బాగా వచ్చమ్మా. సూది ఎలా ఉంటుందో మర్చిపోయా."

సూదులెక్కడున్నాయంటే, సూపరింటెండెంట్ గారి గదిలో ఇనప్పెట్టెలో. ఆ సంగతి విడిగా ఆయన్నే అడిగాను. ఆయన దాచలేదు. ఇంతకు ముందున్న అధికారిని ఒక కత్తెర కనపడలేదని ఎక్కడికో బదిలీ చేశారట. కత్తెరకే అలాగైతే సూది సంగతేమిటి, సూది ఎక్కడైనా దాక్కుంటుంది కదా అన్నారు. కుట్టుపని నేర్పకపోతే ఎవరూ అడగరు, సూది పోతే అందరూ అడుగుతారు. ఆయన బాధ నాకు అర్థమైంది. ఇంటికొచ్చి చెబితే అత్తగారికి అర్థం కాలేదు. ఆవిడకి అర్థమయ్యేదల్లా గురువారం అంటే గురువారమే.

అప్పటినుంచి ప్రతి గురువారం నడక. ఊళ్లో టైలర్లందరితోనూ పడి లేచిన మనిషి ఆవిడ. ఏ సాకు ఎన్నో వారంలో వస్తుందో ఆవిడకి కంఠతా వచ్చు. పాపం సూపరింటెండెంట్ గారు ఆ విద్యకి కొత్త. నా దగ్గర ఒప్పుకున్న సూదుల సంగతి ఆవిడ ముందు చెప్పలేకపోయారు. గుండీలు రాలేదన్నారు. కాజాలు వేసే మనిషికి జ్వరమన్నారు. ఒక వారం కరెంటు లేదన్నారు.

"కాలితో తొక్కే మిషనుకి కరెంటెందుకు నాయనా?" అని అత్తగారు ఎంతో ప్రేమగా అడిగారు.

ఆయన చెమట తుడుచుకున్నారు. ఆ తర్వాతి వారం ఇక ఏమీ తోచక, టైలర్లందరూ ఆఖర్న చెప్పే మాటే చెప్పేశారు.

"ఆ అమ్మాయి ఊళ్లో లేదండీ."

గదిలో ఉన్నవాళ్లంతా ఆయన వంకే చూశారు. కాపలా ఆవిడ కూడా.

"పారిపోయిందా?" అన్నారు అత్తగారు గొంతు తగ్గించి. "మాకు చెప్పకుండా దాస్తున్నారా?"

అదే సమయానికి కిటికీ అవతల పిచ్చుక బకెట్టు మోసుకుంటూ వెళుతూ మాకు చెయ్యి ఊపింది. సూపరింటెండెంట్ గారు వచ్చే గురువారం తప్పకుండా ఇస్తానని, దేవుడి మీద కాదు గానీ తన ఉద్యోగం మీద ఒట్టేశారు.

నిజంగానే ఇచ్చారు. ఇస్త్రీ చేసి, మడిచి, కాగితంలో చుట్టిన చొక్కా. ఆయన ముఖం కడిగిన పలకలా ఉంది. అత్తగారు అక్కడే విప్పి చూశారు. ముందువైపు చూడలేదు, తిరగేసి లోపలి కుట్లు చూశారు. కాలరు వెనక వేలు పెట్టి నొక్కారు. చంక దగ్గర అతుకు గోటితో గీరారు.

"మార్కెట్ మూల టైలరు బాగున్నాడా?" అన్నారు.

సూపరింటెండెంట్ గారు చొక్కా చుట్టిన కాగితాన్ని మడవడం మొదలుపెట్టారు.

"చంక దగ్గర వెనక్కో కుట్టు, ముందుకో కుట్టు వేసి ముడి దాచేది ఊళ్లో అతనొక్కడే. దాని మీద కూడా కదా మాకు చెడింది. ఎడమ భుజం కూడా ఎప్పట్లాగే తప్పు. నేను నాలుగు గోడల మధ్య గుడ్డిస్తే అతని దగ్గరికి ఎలా చేరింది బాబూ?"

నేను పుస్తకం సంచిలోంచి బయటికి తీశాను. తెరవలేదు. తెరవాల్సిన అవసరం లేకపోయింది. ఆయన కుర్చీలో కూర్చుండిపోయి, ఫిర్యాదు రాస్తారా అని నన్నడిగారు. అప్పుడు ఆయన అధికారిలా లేరు, పాఠం అప్పజెప్పలేక నిలబడిపోయిన పిల్లాడిలా ఉన్నారు. రాయగలను, రాస్తే ఆయన కూడా ఎక్కడికో వెళ్లిపోతారు. ఆ ఇనప్పెట్టె తాళంచెవి తర్వాత వచ్చే మనిషి చేతికి వెళుతుంది, ఆయన ఇంకా గట్టిగా తాళం వేస్తాడు. ఆ మాటే ఆయనకి చెప్పాను. ఫిర్యాదు బదులు మూడు విషయాలు అడిగాను. సూదులు బయటికి రావాలి. గది రోజూ తెరవాలి. నేర్పేవాళ్లు కావాలి.

"నేర్పడానికి ఎవరొస్తారమ్మా ఇక్కడికి?" అన్నారు ఆయన.

"ఈ చొక్కా పాడుచేసినాయనే వస్తాడు" అన్నారు అత్తగారు. "పాడుచేసింది ఉచితంగా బాగుచెయ్యడం వాళ్ల ధర్మం. ఇక్కడికొచ్చి బాగుచెయ్యమనండి."

సూది సంగతి మా మావగారు తేల్చారు. ఆయన ఎన్నో ఏళ్లు ఆ జైలు గేటు దాకా ఉత్తరాలు తెచ్చిచ్చినవారే గానీ గేటు లోపలికి ఎప్పుడూ అడుగు పెట్టలేదు. పోస్టాఫీసులో వీధికో గడి ఉన్నట్టు, ఒక చెక్క పలకకి మనిషికో గుంత చేసి, దాని కింద వాళ్ల ముద్దుపేరు రాశారు. పొద్దున సూది తీసుకుంటే గుంత ఖాళీ. సాయంత్రం సూది తిరిగి పెడితే నిండుతుంది. ఒక్క చూపుతో ఎవరిది రాలేదో తెలిసిపోతుంది. దాన్ని చూసి సూపరింటెండెంట్ గారు చాలాసేపు గుంతల్ని తడిమారు. తర్వాత ఇనప్పెట్టె తెరిచారు.

భోజనాల దగ్గర మావారు, దొంగల చేతికి సూదులిప్పించారన్నమాట అని వేళాకోళం చేశారు. మావగారు తలెత్తకుండానే జవాబిచ్చారు. ఆ గేటులోంచి బయటికి వచ్చినవాళ్లు తనని ఆపి, తమ ఇంటికి దారెటని అడిగేవాళ్లట. వీధుల పేర్లు మారిపోయి ఉండేవి. "లోపలికెళ్లినవాళ్లు ఎలాగూ బయటికొస్తారురా. మన వీధిలోంచే నడుస్తారు. వచ్చేటప్పుడు చేతిలో ఏదో ఒక పని ఉంటే మంచిది కదా" అన్నారు. మావారు ఇంకో ముద్ద కలుపుకున్నారు.

మార్కెట్ మూల టైలరు మొదట రానన్నాడట. దొంగలకి నేర్పనని కాదు, మా అత్తగారు అక్కడుంటారని. తర్వాత, ఆవిడ తప్పని రుజువు చెయ్యడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదని వచ్చాడు. టేపు మెడలో వేసుకుని, ఆ గదిలో పొద్దున్నే వాదన మొదలుపెట్టేవాడు. భుజం రెండు వైపులా సమానంగా కత్తిరించి, దిగిన వైపు లోపల మెత్త పెట్టాలని అతని సిద్ధాంతం. మెత్త పెడితే మనిషి ఒక పక్కన వాచినట్టుంటాడు, గుడ్డే దించి కత్తిరించాలని అత్తగారి సిద్ధాంతం. ఇద్దరి మధ్యా మావగారు చేతులు చాపి నిలబడేవారు, బట్టలారేసే దండెంలాగా. మిషన్ల దగ్గర ఆడవాళ్లు తొక్కడం ఆపి ఆ వాదన వినేవారు. కుట్టుపని సగం వాళ్లకి అలాగే వచ్చింది.

పిచ్చుక ముందు ఆ నీలం గళ్ల చొక్కానే విప్పింది. ఒక్కొక్క కుట్టూ బ్లేడుతో కాకుండా సూది మొనతో తీసింది. దిగిన భుజాన్ని మళ్లీ కత్తిరించి కుట్టింది. కుదరలేదు, మళ్లీ విప్పింది. విప్పీ కుట్టీ ఆ గుడ్డ మెత్తబడింది. ఆ తర్వాత జైలు స్టోర్లో ఉన్న పాత దుప్పట్లతో అదే చొక్కా మళ్లీ మళ్లీ కుట్టింది. ఆదికి ఉన్నది మా మావగారొక్కరే కనక, కుట్టిన ప్రతి చొక్కా ఆయనదే. చివరికి కళ్లు మూసుకుని కూడా కత్తిరించగలనంది. టైలరు ఏమీ అనకుండా ఒక కాజాని వెలుతురుకి పట్టి చూసి, వెనక్కిచ్చేశాడు. అతను ఏమీ అనకపోతే బాగున్నట్టేనని అప్పటికి అందరికీ తెలుసు. ఆ విషయంలో అతను మా అత్తగారిని తిరగేసినట్టుంటాడు, ఆవిడ ఏమీ అనకపోతేనే కదా భయం.

వానలు తగ్గాయి. పరీక్ష రోజు ఫ్యాక్టరీ సూపర్‌వైజరమ్మ తెల్లగుడ్డ ఒకటి, కొలతల కాగితం ఒకటి తెచ్చింది. నవ్వని మనిషి. పిచ్చుక పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. మేం గోడ వారన బెంచీ మీద కూర్చున్నాం. పిచ్చుక గుడ్డ పరిచి, గీత గీసి, కత్తిరించింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. కాలరు తిప్పింది, చేతులు ఎక్కించింది, కాజాలు వేసింది. సూపరింటెండెంట్ గారు వేళ్లు విరుచుకోవడం మానేసి నవ్వడం మొదలుపెట్టారు. గుండీలు వేశాక పిచ్చుక చొక్కాని హ్యాంగరుకి తగిలించి కొక్కేనికి వేలాడదీసింది.

ఎడమ భుజం దిగి ఉంది.

చక్కగా, నున్నగా, మా మావగారి భుజం ఎంత దిగి ఉంటుందో అంతే దిగి ఉంది.

గదిలో మిషన్లన్నీ ఆగిపోయాయి. టైలరు కళ్లు మూసుకున్నాడు. మా అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని, "మీ మావయ్యకి సరిగ్గా సరిపోతుందే" అని నిట్టూర్చారు. సూపరింటెండెంట్ గారు మాత్రం గబగబా ముందుకొచ్చి, హ్యాంగరు వంకరగా ఉందని, పాతదని, మార్చమని కాపలా ఆవిడకి చెప్పారు. సూపర్‌వైజరమ్మ హ్యాంగరు వైపు చూసింది. ఒక్క క్షణం, అది నిజమేమోనని ఆవిడ అనుకోబోతున్నట్టే ఉంది. పిచ్చుక ఊరుకుంటే సరిపోయేది.

"హ్యాంగరు బాగానే ఉంది మేడమ్" అంది పిచ్చుక. "నేనే దించేశాను. నాకు తెలిసిన భుజం అదొక్కటే. కాస్త టైమివ్వండి."

ఎవరి మాటకీ ఆగకుండా చొక్కా తీసి తిరగేసింది. దించిన భుజం ఇక పైకి రాదు, గుడ్డ పోయింది. అందుకని కుడి భుజం కుట్టు విప్పి, దాన్ని కూడా అంతే దించింది. దాంతో కాలరు ఊడదీసి మళ్లీ వెయ్యాల్సి వచ్చింది, చెయ్యి తీసి చంక లోతు సరిచేసి మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. సూది మొనతో ఒక్కొక్క కుట్టూ తీస్తూ పోయింది. ఆ వేళ్లు తాళాలు తియ్యడం నేర్చుకున్న వేళ్లని ఎందుకో అప్పుడే గుర్తొచ్చింది. ఎంత మెల్లగా, ఎంత చప్పుడు లేకుండా.

మళ్లీ తగిలించినప్పుడు చొక్కా కాస్త పొట్టిదయింది. కానీ తిన్నగా ఉంది. సూపర్‌వైజరమ్మ దాన్ని తీసి లోపలి కుట్లు చూసింది, గోటితో గీరింది. మా అత్తగారు నన్ను మోచేత్తో పొడిచారు, నాలాంటి మనిషే అన్నట్టు.

"తిన్నగా కుట్టేవాళ్లు నాకు బోలెడుమంది ఉన్నారు" అంది సూపర్‌వైజరమ్మ. "చెడిపోయిందని తెలిసీ మడతలో పెట్టి పంపేస్తారు. వెనక్కొచ్చిన సరుకు గది నిండా ఉంది. దాన్ని విప్పేవాళ్లు లేరు. హాస్టల్లో పొద్దున్నే లేవాలి, లేస్తావా?"

పిచ్చుక తలూపింది. సూపరింటెండెంట్ గారు హ్యాంగరుని భద్రంగా బీరువాలో పెట్టించారు.

విడుదలకి ముందు రోజు అత్తగారు సంచిలో ఇంకో గుడ్డ పట్టుకెళ్లి పిచ్చుక చేతిలో పెట్టొచ్చారు. బూడిద రంగు, చారల గుడ్డ. ఇప్పుడెందుకండీ, రేపు వెళ్లిపోతోంది కదా అని నేనంటే, "అందుకే" అన్నారు.

మర్నాడు గేటు దగ్గరికి మేం ముగ్గురం వెళ్లాం. మావగారు నీలం గళ్ల చొక్కా తొడుక్కున్నారు. కాలరు గొంతు కింద, ఉండాల్సిన చోటే ఉంది. రోడ్డవతల ఒక వ్యాను ఆగి ఉంది. దానికి ఆనుకుని పిచ్చుక బావ నిలబడ్డాడు. చేతి గడియారం బాగా మెరుస్తోంది. ఎవరిదో.

పిచ్చుక చిన్న సంచితో బయటికి వచ్చింది. అతను వ్యాను తలుపు తీసి పట్టుకుని, అక్క ఎదురుచూస్తోందని, వంట కూడా చేసి పెట్టిందని తియ్యగా చెప్పాడు. ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అటు వెళ్లలేదు, ఇటు రాలేదు. అత్తగారు వెళ్లి ఇద్దరి మధ్యా నిలబడ్డారు.

"మీరెవరండీ?" అన్నాడు అతను.

"కస్టమర్ని. నా గుడ్డ ఈ పిల్ల దగ్గరుంది. ఆది మనిషిని కూడా వెంట తెచ్చాను" అంటూ మావగారిని చూపించారు. మావగారు అలవాటుకొద్దీ చేతులు చాపారు.

అతను నవ్వి, ఆ గుడ్డ మొహాన పడేసి రమ్మన్నాడు పిచ్చుకని. పిచ్చుక సంచి గుండెలకి హత్తుకుంది. అతన్ని కాదు, చాపి ఉన్న ఆ చేతుల్ని, దిగిన భుజాన్ని చూసింది.

"కుదరదు బావా" అంది. "వచ్చే గురువారానికి చొక్కా ఇస్తానన్నాను."

ఆమె మాతో పాటు నడిచింది. బస్టాపుకి నడుస్తుంటే అతని వ్యాను మెల్లగా వెనకే వచ్చింది. మా వీధి మీదుగా వెళ్లేటప్పుడు కిటికీకో మనిషి లేచి నిలబడి దాని నంబరు చూశారు. ఆ తర్వాత అది కనపడలేదు.

నిబంధనల పుస్తకం ఇప్పుడు నా దగ్గర లేదు. వీధిలో చేతులు మారుతోంది. ఎదురింటావిడ అది చదివి, బడి కమిటీకి కూడా ఇలాంటిది ఉంటుందా అని మున్సిపల్ ఆఫీసుకి వెళ్లి గోడలన్నీ చదివొచ్చింది. జైల్లో కుట్టుపని గది రోజూ తెరుస్తున్నారు. నేను చెప్పకుండా వెళ్లి చూస్తూనే ఉన్నాను. పలకలో పిచ్చుక గుంత కింద వేరే పేరు వచ్చింది. సూపరింటెండెంట్ గారి ప్యాంట్లు కూడా అక్కడే కుడుతున్నారు, రసీదు ఇచ్చి.

ఆ గురువారం అత్తగారు ఫ్యాక్టరీ హాస్టల్‌కి వెళ్లారు. నేను గుమ్మంలో ఎదురుచూస్తున్నాను. ఉత్తి చేతులతో తిరిగొచ్చారు. చెప్పులు విప్పుకుంటూ, మొహం ఇంతచేసుకుని నవ్వుతున్నారు.

"చొక్కా ఏది అత్తయ్యా?"

"గుండీలు రాలేదట. వచ్చే గురువారం రమ్మంది" అన్నారు. "అసలైన టైలరయిందే."